బాయిలర్ నీళ్ళూ నల్ల మాలీలూ

ఆదివారం పొద్దున్నుంచీ నూకరాజు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి. ఎటు తిరిగినా కిటికీ పక్కనున్న చేపల తొట్టే ఎదురవుతోంది. నీళ్ళున్నాయి, చేపల్లేవు. నాలుగు నల్ల మాలీలూ పది రోజుల్లో ఒకదాని వెనక ఒకటి పోయాయి.

చివరిది పోయిన రోజున అతని నోరు ఊరుకోలేదు. "గుప్పిళ్ళతో మేత ఏసీసి సంపీసినావే గుంటా!" అని పదకొండేళ్ళ కూతురు ఫణిశ్రీ మీద విరుచుకుపడ్డాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పొట్టకూటికి వలసొచ్చి ఉంటున్న ఆ హిందీ ఊరు బీర్‌గావ్‌లో వాళ్ళ వరసలోని ఎనిమిదిళ్ళకీ ఒకటే బోరు. నీళ్ళకొచ్చిన వాళ్ళందరి ముందూ ఆ మాటే నవ్వుతూ మళ్ళీ చెప్పాడు. ఆ రోజు నుంచి పిల్ల తొట్టి వైపు చూడదు, తండ్రి వైపు అసలే చూడదు. మేత డబ్బా బీరువా మీదకి ఎక్కింది.

నూకరాజు ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ నీళ్ళు పరీక్ష చేస్తాడు. పదహారేళ్ళుగా అదే పని. గాజు గ్లాసులో నీళ్ళు పట్టి చిటికెడు నల్లపొడి వేస్తాడు. నీళ్ళలో సున్నం ఉంటే ద్రాక్షరంగు తిరుగుతుంది. అప్పుడు మందు చుక్కలు వేస్తూ, నీలంగా మారేదాకా లెక్కపెట్టాలి. పొడి పడగానే నీలం వచ్చిందంటే సున్నం బొత్తిగా లేనట్టు. బాయిలర్ గొట్టాలకి పొర పట్టదు, షిఫ్టు హాయిగా గడుస్తుంది. ఆ నీలాన్ని మించిన రంగు లోకంలో లేదని అతని నమ్మకం. అందుకే కూతురి చేపలకి బోరు నీళ్ళు పొయ్యనివ్వలేదు. గిన్నెల అడుగున తెల్లపొర కట్టే నీళ్ళు, సబ్బు నురగైనా రాని నీళ్ళు, చేపలకా? ఫ్యాక్టరీ నుంచి సున్నం తీసేసిన బాయిలర్ నీళ్ళు డబ్బాతో మోసుకొచ్చి మరీ పోశాడు. భార్య నళిని ఎందుకొచ్చిన గొడవంటే వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

పదింటికి ఇక ఉండబట్టలేక చేపల దుకాణానికి బయల్దేరాడు. కొత్తవి తెస్తే పిల్ల నోరు విప్పుతుందని ఆశ. దుకాణం యజమాని రాజేష్, ఇంట్లో నీళ్ళెలాంటివని హిందీలో అడిగాడు. నూకరాజు ఛాతీ విరుచుకుని చెప్పాడు. రాజేష్ చేతిలోని వల పక్కన పెట్టేశాడు.

"అరే భాయ్, బాయిలర్ మే మఛ్లీ పాల్తే హో క్యా?" బాయిలర్‌లో చేపల్ని పెంచుతున్నావా అని దులిపేశాడు.

మాలీలకి సున్నమున్న నీళ్ళే బలమట. గప్పీ చేపలకీ అంతేనట. ఆ బలం లేకపోతే రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే వణికి, నీరసించి పోతాయట. మెత్తని నీళ్ళు కోరే చేపలు వేరే ఉన్నాయి కానీ, వాటికైనా అంత బోడి నీళ్ళు పనికిరావట. ఇంట్లో ఏ నీళ్ళుంటే వాటికి తగ్గ చేపల్నే తీసుకెళ్ళాలని రాజేష్ చెబుతూనే ఉన్నాడు. నూకరాజుకి ఆ వణుకే కళ్ళముందు ఆడుతోంది. దాన్ని చూసి "డాన్సు సేస్తన్నాయే" అని కూతురికి చూపించి నవ్వింది తనే.

చేపలు కొనలేదు. రాజేష్ మాట నమ్మబుద్ధి కాక తిన్నగా ఫ్యాక్టరీకి పోయి, పరీక్ష సీసాలు అడిగి తీసుకుని ఇంటికొచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు. తొట్టి నీళ్ళలో పొడి పడగానే నీలం. పదహారేళ్ళలో మొదటిసారి ఆ రంగు చూడలేక గ్లాసు దూరంగా జరిపేశాడు. బోరు నీళ్ళు ద్రాక్షరంగు తిరిగాయి. ఇరవై రెండు చుక్కలు పడితే గానీ మారలేదు.

"ఏటి నాన్నా అది?"

గుమ్మంలో ఫణిశ్రీ. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట. ఏమీ లేదని గ్లాసులు పారబోస్తే ఎవరికి తెలుస్తుంది? బోరు నీళ్ళు పోసి కొత్త మాలీల్ని వదిలితే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీదే అసహ్యం వేసింది.

"నువ్వు సంపలేదమ్మా. నానే సంపీసినాను. నాను తెచ్చిన నీళ్ళే."

"సచ్చీ?" నిజమేనా అని హిందీలో అడిగింది పిల్ల.

"సచ్చీ."

పిల్ల ఏడవలేదు. "రోజూ పది గింజలే, గిన్‌కే, లెక్కెట్టి మరీ ఏసినాను. సెప్తే నువ్వు ఇన్లేదు," అంది. బయటికి చెయ్యి చూపించి, "బోరు కాడ అందరికీ సెప్పినావు కదా. ఇదీ సెప్పు," అంది.

నూకరాజు వెళ్ళాడు. బిందెల మధ్య నిలబడి చెప్పాడు. చెవులు వేడెక్కిపోయాయి. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. పక్కింటి పార్వతమ్మ మాత్రం, "సేసిన పాపం సెప్తే పోద్దిలే రాజూ," అని తన బిందె పక్కకి జరిపింది. అతను బకెట్టు నిండా బోరు నీళ్ళు పట్టుకుని ఇంటికి నడిచాడు.

మళ్ళీ ఆదివారానికి తొట్టిలో బోరు నీళ్ళు, ఫణిశ్రీ తనే ఏరుకున్న మూడు మాలీలు. రెక్కలు విప్పుకుని ఈదుతున్నాయి. అయినా నూకరాజు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. బీరువా మీది డబ్బా తీసి కూతురికిచ్చాడు. ఆమె అరచేతిలో పది గింజలు లెక్కపెట్టుకుంది. తొట్టి మీదకి చాచిన చెయ్యి, మేత ఎక్కువైందన్న ఆ పాత మాట గుర్తొచ్చినట్టు, ఆగిపోయింది.

"ఎయ్యనా నాన్నా?"

"ఏసీయ్ తల్లీ. నీ ఇష్టం, ఎన్నైనా ఏసీయ్."

ఫణిశ్రీ అతని మొహం వైపే చూస్తూ ఐదు గింజలు తీసి తిరిగి డబ్బాలో వేసేసింది.