మేత చేపలకు ఒక ఏడాది

చేపల వాన్ వచ్చే రోజు కూడా మా ఆయన సాక్సు రెండోది వెతికిపెట్టింది నేనే. సోఫా కింద దొరికింది. దులిపి చేతికిస్తే తొడుక్కుంటూ, "వాన్ వస్తే సంచులు విప్పి చెరువులో కుమ్మరించు, అంతే. చేపల గురించి నీకేం తెలుసులే, వండటం తప్ప!" అని నవ్వుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోయారు. చెడ్డ మనిషేం కాదు. తన మాట ఎదుటివాళ్ళకు ఎక్కడ గుచ్చుకుంటుందో చూసుకునే అలవాటు లేదు, అంతే.

"మా చెరువు, మా చెరువు" అని ఊరంతా చాటింది కూడా ఆయనే. ఇంటి వెనక పల్లంలో మిషను పెట్టి తవ్వించడం వరకూ నిజంగానే ఆయన పని. ఆ తర్వాత ఆయనకు మీటింగులొచ్చాయి. నీళ్ళు నిలవకుండా ఇంకిపోతుంటే అడుగున బంకమట్టి పోసి తొక్కింది నేను. గట్టు జారకుండా గడ్డి నాటింది నేను. చేపల పెంపకం కేంద్రం వాళ్ళిచ్చిన చిన్న పుస్తకాన్ని పొయ్యి పక్కన పెట్టుకుని, ఒక చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో పేజీలు తిప్పింది నేను. అందుకే దాని నిండా నూనె మరకలు. రోజూ పొద్దున్నే చెరువులో మోచేతి దాకా చెయ్యి ముంచి చూసేదాన్ని. వేళ్ళు కనబడకపోతే నీళ్ళు తగినంత పచ్చబడ్డట్టు, అంటే చిన్న చేపలకు తిండి సిద్ధమైనట్టు. "ఆ నాచునీళ్ళలో పెట్టిన చేత్తోనే కాఫీ కలుపుతావా ఏంటే?" అని మా అత్తయ్య గోల. కడుక్కునే కలిపేదాన్ని.

ఆ పుస్తకంలో ఒక మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. వేలెడంత కూడా లేని ఆ చేపలకు వాళ్ళు పెట్టిన పేరు మేత చేపలు. పెద్ద చేపలు తినడానికి పెంచుతారు కాబట్టి మేత. వాటికంటూ వేరే పేరే లేనట్టు! కాకపోతే ఆ కిందే ఇంకో సంగతి ఉంది. కొత్త చెరువులో ముందు వీటినే వదలాలట, ఒక ఏడాది వాటి మానాన వాటిని ఉండనివ్వాలట. పిల్లలు పెట్టి, ఆ పిల్లలూ పిల్లలు పెట్టి చెరువు నిండాకే పెద్ద చేపల్ని దింపాలట. ఇంకో వింత ఏమిటంటే, ఆడ చేప నీళ్ళలో బోర్లించిన ఇంటికప్పు పెంకు లాంటిదాని అడుగున గుడ్లంటించి తన దారిన తాను పోతుంది. వాటికి కాపలా కాసేది, నాచు పట్టకుండా తుడిచేది మగ చేప. అత్తయ్యకు చదివి వినిపిస్తే, "ఛీ, అబద్ధం!" అన్నారు. అంతలోనే పుస్తకం మీదికి వంగి, "ఏదీ, మళ్ళీ చదువు" అన్నారు. ఆ సాయంత్రమే గోడ వెనక పడున్న పాత పెంకుల్ని ఇద్దరం మోసుకొచ్చి, ఒడ్డున లోతు లేని చోట ఇటుకల మీద బోర్లించాం.

పదకొండింటికి వాన్ వచ్చింది. తోలుకొచ్చినమ్మాయి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఠీవిగా దిగి, వెనక తలుపు తీసింది.

"ఈ సంచుల్లోవి మేత చేపలక్కా, రెండు వేలు. ఆ డబ్బాలో పెద్దవి, వంద."

"పెద్దవా? అవి వచ్చే ఏడు కదా!"

"రెండూ ఒకే ట్రిప్పులో పంపమని సార్ ఫోన్ చేశారక్కా. ఆదివారం ఫ్రెండ్సొచ్చి గాలాలేస్తారంట. వద్దని మా మేడమ్ మొత్తుకున్నారు. ఆయన వింటేగా!"

డబ్బాలోకి తొంగిచూశాను. జానెడేసి ఉన్నాయి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ. నా ఎనిమిది నెలల పని ఆదివారానికల్లా ఆ నోళ్ళలో పడుతుంది. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"అబ్బా, మీటింగులో ఉన్నానే. రెండూ కలిపి వదిలెయ్. ఆ చిన్నవి ఉన్నదే అందుకు కదా!" అని పెట్టేశారు.

ఉన్నదే అందుకు. పెళ్ళైన కొత్తలో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఒక్క ఏడాది చేసి చూస్తాను, కుదరకపోతే మానేస్తాను అని బతిమాలాను. "ఇల్లు చూసుకోడానికే కదా నువ్వున్నది, తర్వాత చూద్దాంలే" అన్నారు. ఆ నెలలోనే మామగారు మంచం పట్టారు, తర్వాత పాప పుట్టింది, తర్వాత పాప బడి, పరీక్షలు. నేను ఎవరికి చేసినా ఇష్టంగానే చేశాను, అబద్ధం ఎందుకు! కానీ నేనడిగిన ఆ ఒక్క ఏడాదీ నాకు దొరకలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. వీటికైనా దొరకాలి అనుకున్నాను.

"పెద్దవాటిని వెనక్కి తీసుకెళ్ళిపో" అన్నాను ఆ అమ్మాయితో.

ఆమె ముఖం వెలిగిపోయింది. "అయితే ఇక్కడ సంతకం కావాలక్కా. చెరువు యజమాని అని ఉంది చూడండి, అక్కడ."

నేను అత్తయ్య వైపు చూశాను.

"నన్ను చూస్తావేం? పెట్టు! మట్టి తొక్కింది వాడా?" అన్నారావిడ.

పెట్టాను. సంతకం కాస్త వంకర పోయింది, చాన్నాళ్ళైంది కదా. ఆ తర్వాత సంచుల్ని విప్పకుండానే చెరువులో తేలేశాం. సంచిలో నీళ్ళూ చెరువు నీళ్ళూ ఒకే వేడికి రావాలి, ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్రాణాలు పోతాయి. అరగంటయ్యాక మూతులు విప్పి, చెంబుతో కొంచెం కొంచెంగా చెరువు నీళ్ళు పోశాను. చివరికి సంచిని పక్కకి వంచితే ఒక్కటీ కదలదే! ఆఖరికి ఒకటి మెల్లిగా బయటికొచ్చి అటూ ఇటూ చూసింది. ఆ వెనకే మొత్తం గుంపు తళతళమంటూ పచ్చనీళ్ళలోకి దూసుకుపోయింది. "పోయాయే, పోయాయే!" అంటూ అత్తయ్య చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ ఒడ్డునే బురదలో కూలబడ్డాను. ఆ రోజు వంట మూడింటికైంది, ఎవరికీ ఏమీ కాలేదు.

సాయంత్రం ఆయన బూట్లతోనే తిన్నగా చెరువు దగ్గరికి వచ్చారు.

"పెద్దవేవీ, కనబడవేం?"

"వెనక్కి పంపేశాను. వచ్చే ఏడు తెస్తారు."

"వచ్చే ఏడా! ఆదివారం మావాళ్ళకి ఏం చెప్పాలి?"

"వచ్చే ఏడు రమ్మనండి. టిఫిన్లు కూడా వాళ్ళనే తెచ్చుకోమనండి."

నా వెనక అత్తయ్య కిసుక్కున నవ్వారు. ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"అసలు ఎవర్నడిగి పంపావు?"

"నన్నే అడిగాను. ఒప్పుకున్నాను."