మీరు మార్చారు

మొన్న బేస్తవారం పొద్దున నా కంప్యూటర్లో దొంగ దూరినాడు. అట్లని నేననుకున్నా.

నేను ఆదెప్పను. పుంగనూరులో వీధినాటకాలోళ్లకు పద్యాలు టైపు చేసిస్తాను. సదుంలో గానీ గుర్రంకొండలో గానీ, నాటకం యాడైనా వేషగాళ్లు నా కాడికే వస్తారు. ఈ మధ్య నా చెయ్యి భలే వేగమైంది. మునుపు ఎంత కొట్టినా నిండని తెర ఇప్పుడు రెండు పాదాలకే నిండిపోతాది. ఈ వయసులో కూడా సూడండ్రా అని అందరికీ చెప్పుకుంటాండాను.

నాకు కోపం ముక్కు మీదుంటాదంటారు. ఉంటే ఉండనీ. కోపం కంటే ఎక్కువుండేది భయం. మా నాయనకు కడాకు కండ్లు పోయినాయి. గోడలు తడుముకుంటా, చెంబు యాడుండాదో తెలీక తన్నుకుంటా బతికినాడు పాపం. నాకా గతొస్తే ఆ దినమే బాయిలో పడతానని నా పెండ్లాం తులసమ్మతో ఎన్నిసార్లు అన్నానో!

ఆ పొద్దు టైపు చేసే ఎడిటరుకు కొత్త అప్‌డేట్ వచ్చింది. అదే సెట్టింగులు తెరిచి నా ముందర పెట్టింది. ఒక దాని పక్కన మాత్రం నీలం గీత. "తెర అక్షరాల సైజు: మీరు మార్చారు" అని.

నేనా? ఆ సెట్టింగుల గడప తొక్కిన పాపాన పోలేదే! పోయిన నెలే మా వీధి నరసింహులు ఫోన్లో ఎవుడో దూరి ఫోటోలన్నీ లాగేసినాడు. ఈడ చేసిందెవుడో, పేరు నాకంట! ఎవరు మార్చినారు, ఎప్పుడు మార్చినారు, మునుపెంత ఉండింది, ఇవి రాయొద్దా? ఉత్తగా "మీరు" అంటే ఏమనుకోవాల మనిషి?

మదనపల్లెలో నాకీ కంప్యూటర్ అమ్మిన అయాజ్‌కు ఫోన్ చేసినా.

"అయాజూ, దీంట్లో ఎవుడో దూరినాడురా. నేను ముట్టుకోకుండానే మీరు మార్చారంటాండాది."

"దానికి మనిషి గుర్తు తెలీదప్పా. ముందర ఎవరు కూసున్నా మీరనే అంటాది. ఏం మార్చినారంట?"

"అక్షరాల సైజు."

అయాజ్ గొంతు తగ్గించినాడు. "అప్పా, దాన్ని ముట్టుకోవద్దు. అమ్మను పిలువు," అన్నాడు. వాని గొంతు వినేసరికి నాకింకా భయమైంది.

"తులసమ్మకేం తెలుసురా? ఈడ 'మొదటికి మార్చు' అనుండాది. ఒత్తతాండా."

"వద్దప్పా, నీకు దండం పెడతా!"

వద్దంటే ఆగే మనిషినా నేను? ఒత్తేసినా.

తెరంతా ఖాళీ. పద్యాలు లేవు, నీలం గీత లేదు, యాడో బూడిద చల్లినట్ల మసక తప్ప ఏమీ లేదు. "పాయరా! అంతా తుడిచేసినాడు!" అని అరిసినా. ఫోను కింద పడేసినా.

వంటింట్లోనుంచి తులసమ్మ పరిగెత్తుకోనొచ్చి తెర సూసింది.

"యాల అరుస్తావు? అన్నీ ఈడనే ఉండాయి గదా," అని, నేను నిన్న కొట్టిన పద్యం మొదటి పాదం నిలబడిన చోటు నుంచే చదివేసింది. చదివి, ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది.

నేను అద్దాలు తుడుచుకోని సూసినా. తెరకు ముక్కు ఆనించి సూసినా. మసకే.

"మే, నీకు కనబడతాండాయా?"

ఆమె కొంగు తియ్యకుండానే తలూపింది. దొంగే వచ్చింటే బాగుండు దేవుడా అనుకున్నా.

"కుప్పంలో కంటి డాక్టరు నిన్ను బయట కూసోబెట్టి నాతో చెప్పినాడు," అనింది కడాకు. "చుక్కల మందేస్తే సూపు పోయేది నిదానమవుతాదంట గానీ ఆగదంట. నువ్వు బాయి మాటెత్తుతావని చెప్పలా. అయాజ్ కాడ నేర్చుకోని, నువ్వు కండ్లు చికిలించినప్పుడల్లా కొంచెం కొంచెం పెంచతా వచ్చినా."

చెయ్యి వేగమైందని ఊరంతా చెప్పుకుంటినే! సిగ్గేసింది. ఆ సిగ్గును కూడా మింగేసే భయమేసింది.

తులసమ్మ ఒక చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకోని, ఇంకో చేత్తో సైజు పెంచింది. పద్యాలు మళ్లా పైకి లేచినాయి. నీలం గీత కూడా వచ్చింది.

"ఇంకా ఎంత దాకా పోతాది?" అనడిగినా.

"ఇంక కొంచెమే ఉండాది," అనింది. నా మణికట్టు వదల్లేదు.

ఆమె అట్ల పట్టుకోనుండంగానే పద్యం మొత్తం ఒకసారి చదువుకున్నా. తర్వాత లేసి ఆమెను నా కుర్చీలో కూసోబెట్టినా.

"ముందు కీబోర్డు మీద ఒత్తులు యాడుండాయో సూపిస్తా. పద్యాలు నా నోట్లో ఉండాయి, నువ్వు కొడుదువు గానీ. తప్పులు కనిపెట్టేదానికి నాకు కండ్లుండేటప్పుడే నేర్చుకో."