తట్టకుండా నెట్టిన దెబ్బ

రాయిస్ హచిన్స్ మనిషి పుటక పుట్టలేదని వెర్లిన్ సైప్స్ నమ్మకం. పందొమ్మిదేళ్ళుగా ఆ నమ్మకం చెక్కు చెదరలేదు. పొద్దున కాఫీ పోసుకుంటూ అదే అనుకునేవాడు, సాయంత్రం బూట్లు విప్పుతూ అదే అనుకునేవాడు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీద ఆ లావుపాటి మెడ కనిపిస్తే ప్రార్థన మధ్యలో కూడా అదే అనుకునేవాడు. ఆ పాపానికి దేవుడు తనను ఏమీ అనడని కూడా అతనికి నమ్మకమే.

కోపం రాయిస్ తన బండిని గుద్దినందుకు కాదు. కేటర్ క్రీక్ కార్ల పందేల ట్రాకులో గుద్దుకోని రోజంటూ ఉండదు. బండికి నాలుగు వైపులా రేకు ఉన్నదే అందుకు. కానీ గుద్దడానికీ ఒక పద్ధతుంది. వెనకవాడు వేగంగా ఉంటే ముందువాడి బంపరును ముందు ఒకసారి మెల్లగా తట్టాలి. అది తలుపు తట్టడం. దారి ఇస్తే సరే. ఇవ్వకపోతే రెండోసారి తట్టి పక్కకు నెట్టుకుపోవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు, సాయంత్రం కలిసి భోజనం కూడా చేస్తారు. తట్టకుండా నెట్టినవాడు మాత్రం దొంగతో సమానం.

పందొమ్మిదేళ్ళ కింద, ఆ ఏడాది ఆఖరి పందెం ఆఖరి చుట్టులో, నాలుగో మలుపు దాటుతుండగా రాయిస్ లోపలి అంచు నుంచి వచ్చి తట్టకుండా నెట్టాడు. వెర్లిన్ బండి తిరిగి తిరిగి గోడకు కొట్టుకుంది. ఎడమ కాలు మూడు చోట్ల విరిగింది. ఆ కాలు మళ్ళీ క్లచ్చు తొక్కింది లేదు. ఆసుపత్రికి రాయిస్ వచ్చాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ మంచం పక్కన నిలబడి, "గుద్దలేదురా. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు" అన్నాడు. వెర్లిన్ చేతికందిన జెల్లీ గిన్నె విసిరాడు. అది నర్సుకు తగిలింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఒక్కటి మాత్రం వెర్లిన్‌కు ఇన్నేళ్ళుగా అంతుపట్టలేదు. అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ, రాయిస్ ఎవరినీ తట్టకుండా నెట్టిన పాపాన పోలేదు. ఊరంతా ఎరిగిన సంగతే. మరి ఆ ఒక్కసారి, తననే ఎందుకు? కోపం ఎంత పాతబడ్డా ఈ ప్రశ్న పాతబడలేదు.

ఆ వసంతంలో బ్రెజిల్ నుంచి ఒటావియో వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ వాడు, సన్నగా, బక్కగా, చంకలో హెల్మెట్ పెట్టుకుని షెడ్డు షెడ్డూ తిరుగుతూ డ్రైవరు పని అడుగుతున్నాడు. యూరప్‌లో ఒక్కడు కూర్చునే సన్నటి బళ్ళు నడిపాడట. నాలుగు చక్రాలూ బయటికి కనిపించే బళ్ళు, మీద రేకు లేదు, బంపరు లేదు. డబ్బు పెట్టేవాళ్ళు చేతులెత్తేశారు, అందుకని ఇటు వచ్చాడు. కాలు విరిగాక వెర్లిన్ తన పందెం బండిని వేరేవాళ్ళ చేత నడిపించేవాడు, కానీ కరోలినా కుర్రవాళ్ళలో ఆ బండి ఎక్కేవాడు ఎవడూ మిగల్లేదు. ఒకడితో బండి గురించి, ఒకడితో వాడి తండ్రి గురించి, ఒకడితో ఊరికే, అందరితోనూ తగాదా పడి కూర్చున్నాడు. అందుకని ఒటావియోను పెట్టుకున్నాడు.

పెట్టుకున్న రోజు నుంచీ వెర్లిన్‌కు అతన్ని చూడడమే ఒక పని అయిపోయింది. అతను ట్రాకు మీద ముందు బండి తిప్పలేదు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, వట్టి కాళ్ళతో చుట్టూ నడిచాడు. అక్కడక్కడా వంగి తారు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. కంచె పక్కన హాట్‌డాగులు అమ్మే వెర్లిన్ అక్క లూరీన్ అది చూసి, మనవాడు బంగాళదుంపలు నాటడానికి వచ్చాడా, బండి తోలడానికి వచ్చాడా అని అందరికీ వినిపించేలా అడిగింది.

బండి తిప్పాక ఇంకో వింత. పొద్దంతా తిప్పినా రంగు మీద గీత పడలేదు. గోడకు చెయ్యెడు ఎడం, పక్క బండికి చెయ్యెడు ఎడం. పైగా అందరికన్నా వేగం. వెర్లిన్ జనం కూర్చునే మెట్ల పైకప్పు మీద నిలబడి రేడియోలో దారి చెప్పేవాడు గానీ, చెప్పడం మానేసి చూస్తూ ఉండిపోయేవాడు.

"నువ్వు అసలు ఎవరినీ ఆనుకోవా అబ్బాయ్?" అని ఒకరోజు అడిగాడు.

"మా బళ్ళలో చక్రానికి చక్రం తగిలితే బండి గాల్లోకి లేస్తుంది వెర్లిన్ గారూ. ఒకసారి తగిలించాను. చెట్ల చివరి కొమ్మలు పైనుంచి చూశాను."

"ఎలా ఉన్నాయి?"

"పచ్చగా ఉన్నాయి. మళ్ళీ చూడాలని లేదు."

అందుకే, ఏదైనా తగిలిందనిపిస్తే యాక్సిలరేటరు మీదున్న తన కుడి పాదం దానంతటదే పైకి లేచిపోతుందనీ, తన చేతిలో లేదనీ కూడా చెప్పాడు. ఇక్కడ పాదం లేపితే ఇంటికి పోవడమేనన్నాడు వెర్లిన్. ఆ వేసవంతా తన పాత ట్రక్కుతో ఒటావియో బండిని వెనక నుంచి గుద్దుతూ ట్రాకు చుట్టూ తిప్పాడు, ఎద్దును పొలంలోకి తోలినట్టు. మొదట్లో గుద్దిన ప్రతిసారీ పాదం లేచేది. అక్టోబరు నాటికి చాలావరకు తగ్గింది.

నాలుగో మలుపు దాటే చోట, లోపలి అంచున, ఒటావియో మరో సంగతి కనిపెట్టాడు. నేల మీద మోకరిల్లి, "ఇక్కడ మెట్టుంది" అన్నాడు.

అది అందరికీ తెలిసిందేనన్నాడు వెర్లిన్. కింద నీళ్ళ పైపు వేసి, పైన తారు సరిగ్గా పొయ్యలేదు. అందుకే అందరూ అక్కడ పైనుంచి, బయటి అంచున పోతారు.

"కింద నుంచి పోతే దారి తక్కువ. కానీ ఈ మెట్టు దగ్గర ముందు చక్రాలు ఒక్క క్షణం నేలను వదులుతాయి. ఆ క్షణంలో బ్రేకు ఉన్నా లేనట్టే. ఎప్పుడు వేశారు ఈ పైపు?"

వెర్లిన్ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆగాడు. తన కాలు విరిగిన ఏడాది వేసవిలో. ఆ మాట బయటికి అనలేదు. పానా తెస్తానని చెప్పి, అవసరం లేని పానా కోసం షెడ్డుకి నడిచాడు.

ఆ ఏడాది ఆఖరి పందేనికి వారం ముందు లూరీన్ హాట్‌డాగుల బండి దగ్గర వెర్లిన్, రాయిస్ ఎదురుపడ్డారు. రాయిస్‌కు యాభై దాటినా ఆ ట్రాకుకు ఇంకా అతనే మొనగాడు. హాట్‌డాగు నములుతూ, వెర్లిన్‌తో కాకుండా లూరీన్‌తో, మీ తమ్ముడు ఈసారి డ్యాన్సు నేర్చినవాణ్ణి తెచ్చాడట కదా అన్నాడు. వెర్లిన్ ఆ మాటకు తిరిగి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి అతనితో నేరుగా మాట్లాడాడు.

"ఏం పందెం కట్టమంటావు?"

రాయిస్ నమలడం ఆపాడు. వాగు ఒడ్డున వెర్లిన్‌కున్న పల్లపు నేల రాయిస్ పచ్చికబీడుకు ఆనుకునే ఉంటుంది. అతని పశువులకు నీళ్ళు కావాలంటే కొండ చుట్టూ తిప్పుకు రావాలి. ఆ నేల కోసం మధ్యవర్తుల చేత రెండుసార్లు అడిగించాడు, రెండుసార్లూ వెర్లిన్ బూతులే తిరుగుజవాబుగా పంపాడు.

"నీ వాగు నేల" అన్నాడు రాయిస్.

"సరే. మా అబ్బాయి నీకన్నా ముందు గీత దాటితే, డ్రైవర్లందరి ముందూ నిలబడి చెప్పాలి. ఆ రోజు కావాలనే గుద్దానని."

లూరీన్ ఆవ సాసు సీసా కింద పెట్టింది. వాగు ఒడ్డున మొక్కజొన్న వేసింది వాళ్ళ తాత. నాలుగు మాటల కోసం నేల పందెం కట్టేవాడు వెధవ అని ఆమె తమ్ముడి మొహం మీదే అంది. రాయిస్ నవ్వుతాడనుకున్నారు, నవ్వలేదు. చాలాసేపు వెర్లిన్ కాలి వైపు చూసి, చెయ్యి చాపాడు.

పందెం శనివారం మధ్యాహ్నం. ఎండ బాగుంది, కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. ఊరి జనం దుప్పట్లూ, వేయించిన కోడి డబ్బాలూ పట్టుకుని చెక్క మెట్లన్నీ నింపేశారు. వెర్లిన్ పైకప్పు మీద రేడియో పట్టుకుని నిలబడ్డాడు.

ఒటావియో ఎక్కడో వెనక మొదలుపెట్టి, ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. ఎవరినీ తాకలేదు. దాటిపోయినవాళ్ళు తమను ఎప్పుడు దాటాడో తెలియక తలలు తిప్పి చూశారు. మూడు చుట్లు మిగిలేసరికి ముందు రాయిస్ ఒక్కడే ఉన్నాడు, వెనక చెయ్యెడు ఎడంలో ఒటావియో.

పైనుంచి వెర్లిన్‌కు ఇంకోటి కూడా కనిపించింది. వెనక నుంచి ఎప్పుడు తడతాడా అని రాయిస్ ఎదురుచూస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా వెనక నుంచి తట్టించుకుని బతికినవాడు, ప్రతి మలుపులోనూ నడుము బిగించి దెబ్బ కోసం కాచుకుంటున్నాడు, దెబ్బ రావడం లేదు. మలుపు మలుపుకీ బండి కొద్దికొద్దిగా ఊగుతోంది. ఒక మనిషిని తాకకుండానే ఇంతగా కుదపవచ్చని వెర్లిన్‌కు అప్పటిదాకా తెలియదు.

తెలిసినా చాలలేదు. "తట్టు. తట్టి నెట్టెయ్ వాణ్ణి" అన్నాడు రేడియోలో.

"అవసరం లేదు. కింద నుంచి పోతాను."

"గుద్దమంటున్నాను. గోడకు వెయ్యి."

"వినపడుతోంది వెర్లిన్ గారూ. గుద్దను."

ఆఖరి చుట్టు. నాలుగో మలుపులో రాయిస్ పైనుంచి పోయాడు, ఒటావియో కిందికి దిగాడు. దారి తక్కువ, దాటిపోయేవాడే. కానీ రాయిస్ అద్దంలో చూసి, తలుపు మూసినట్టు కొద్దిగా కిందికి వాలాడు. ఒటావియో బండి వెనక ఎర్ర దీపాలు వెలగడం వెర్లిన్ కళ్ళారా చూశాడు. బ్రేకు తొక్కాడన్నమాట. బండి మెట్టు ఎక్కింది, ముందు భాగం లేచింది. బ్రేకు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం ఆగలేదు. నేరుగా వెళ్ళి రాయిస్ బండి వెనక మూలను గుద్దింది.

రాయిస్ బండి బొంగరంలా తిరిగింది. ఒటావియో ముందు దారి ఖాళీ. గెలుపు గీత ఎదురుగా ఉంది. వెర్లిన్ రేడియో నొక్కి "తొక్కు" అని అరిచాడు.

ఒటావియో పాదం లేచిపోయింది. వేసవంతా ట్రక్కుతో గుద్దించుకుని నేర్చింది ఒక్క క్షణంలో పోయింది. గాల్లోకి లేస్తాననుకున్నాడో, ఎదుటి మనిషి లేస్తాడనుకున్నాడో, బండి వేగం చచ్చి నిమ్మళంగా దొర్లింది. రాయిస్ పాదం మాత్రం లేవలేదు. ఈ ట్రాకులో పెరిగినవాడి పాదం బండి తలకిందులైతే తప్ప లేవదు. పొగలో, వెనక్కి తిరిగి, జనం వైపు మొహం పెట్టి, చక్రాలు అరిపిస్తూ జారిన ఆ బండి గీతను తోకతో ముందు దాటింది. ఒటావియో బండి ముక్కు బంపరెడు దూరంలో వెనకబడింది.

వెర్లిన్ మెట్లు దిగి కుంటుకుంటూ వెళ్ళేసరికి ఒటావియో హెల్మెట్ తీసి బండి మీద ఆనుకుని ఉన్నాడు.

"నేను గుద్దలేదు" అన్నాడు. "బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు."

ఈ మాటలు వెర్లిన్ ఇంతకుముందు విన్నాడు, ఇదే వరసలో. ఈ కుర్రవాణ్ణి నమ్మకపోవడానికి వీల్లేదు. గుద్దమంటే గుద్దనన్నవాడు. దీపాలు తన కళ్ళతోనే చూశాడు. ఇతన్ని నమ్మితే మరొకణ్ణి కూడా నమ్మాల్సి వస్తుంది.

అంతలో రాయిస్ వచ్చాడు. ఒటావియో చొక్కా పట్టుకుంటాడని చుట్టూ చేరినవాళ్ళు జాగా ఇచ్చారు. రాయిస్ ఒటావియో ముందు ఆగి, "ఆ మెట్టు మీదేనా?" అని అడిగాడు.

"అవును. అక్కడ చక్రాలు తేలతాయి."

రాయిస్ టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు.

"తెలిసీ ఇన్నేళ్ళూ ఆ మెట్టు సంగతి చెప్పలేదేం?" అన్నాడు వెర్లిన్.

"మెట్టుందని తెలుసు గానీ, చక్రాలు తేలతాయని నాకు తెలిస్తే కదరా. బ్రేకు తొక్కాననే అనుకున్నా. బండి ఆగకపోతే తొక్కానో లేదో ఎవడికి తెలుసు? నీ కాలు చూసినప్పుడల్లా, ఏమో, గెలవాలన్న యావలో కావాలనే గుద్దానేమోననిపించేది. ఇవాళ ఓడిపోయి ఉంటే అందరి ముందూ అదే చెప్పేవాణ్ణి. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించేది కాదు."

ఇద్దరూ నాలుగో మలుపు వైపు తిరిగారు. లోపలి అంచున ఆ మెట్టు అక్కడే ఉంది, మామూలుగా, నల్లగా, చెప్పు మందం కూడా లేకుండా. ఒటావియో వెళ్ళి దాని మీద మళ్ళీ అరచెయ్యి ఆనించాడు. వెర్లిన్ కూడా వెళ్ళాడు. విరిగిన కాలు మడవలేక వంగడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి ఆనించి చూశాడు. వేడిగా ఉంది.

"మరి నేల సంగతి?" అంది లూరీన్ కంచె అవతల నుంచి.

"పందెం పందెమే" అన్నాడు రాయిస్, టోపీ పెట్టుకుంటూ.

నేల ఉంచుకోరా అని రాయిస్ ఒక్క మాట అనొచ్చు. అన్నా వెర్లిన్ ఉంచుకునేవాడు కాదు, అది వేరు సంగతి. అయినా అనొచ్చు. అనలేదు. పాత కోపానికి ఆధారం పోయిందని బెంగపడనక్కర్లేకుండా కొత్త కోపం వెర్లిన్ చేతికి వచ్చింది. సోమవారం కౌంటీ ఆఫీసులో రాయిస్ తన కలమే ఇచ్చాడు, వెర్లిన్ దాంతోనే సంతకం పెట్టాడు. కేటర్ వాగు ఒడ్డున, తాత మొక్కజొన్న వేసిన పల్లపు నేల, ఆరు ఎకరాల నలభై సెంట్లు.