కట్టలేనివారు… ఆ తర్వాత?

నేను ఒక మైకును. సభల్లో పూలగుత్తి పక్కన ఒద్దికగా నిలబడే నాజూకు మైకును కాదు. చేత్తో పట్టుకుని, నోటి దగ్గర పెట్టుకుని అరిచే రకం. తెల్ల ఒళ్ళు, ఎర్ర మూతి, పట్టుకోవడానికి ఒక పిడి, భుజానికి తగిలించుకోవడానికి ఒక పట్టీ. గుసగుసలాడటం నాకు చేతకాదు. ఎంత రహస్యమైనా నాలోకి వెళ్ళిందంటే నాలుగు వీధులకూ వినబడేలా బయటికి వస్తుంది. అందుకని ముందే చెబుతున్నాను, మధ్యలో నా గొంతు పెరిగిపోతే ఏమీ అనుకోకండి. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు బ్యాటరీ వేడెక్కుతుంది.

ఏదో ఫ్యాక్టరీలో ఒక పొడవాటి బల్ల మీద కళ్ళు తెరిచాను. నన్ను బిగించిన అమ్మాయి పని చేస్తున్నానో లేదో చూడటానికి నాలోకి ‘హలో’ అంది. మైకులన్నిటికీ నామకరణం అదే. నాకు అదనంగా ఒక చిన్న బుర్ర కూడా పెట్టారు. ఒక బటన్ నొక్కితే చెప్పిన మాట దాచుకుంటాను. ఇంకో బటన్ నొక్కితే ఆ మాటనే ఆపకుండా, అలుపు లేకుండా తిరిగి తిరిగి అరుస్తాను. అయితే ఆ బుర్ర మరీ చిన్నది. రెండు గుక్కల్లో చెప్పగలిగినంతే అందులో పడుతుంది. నిండగానే సన్నగా ‘కీచ్’మంటాను. ఆ తర్వాత ఎవరు ఎంత మాట్లాడినా అది గాలికే పోతుంది.

నా మొదటి యజమాని దాలయ్య. సముద్రం పక్క ఊళ్ళో ఉల్లిపాయల బండి తోసుకునేవాడు. నన్ను కొన్న రోజే నాలోకి ‘ఎర్రుల్లిపాయలమ్మా ఎర్రుల్లిపాయలు, కోస్తే కన్నీళ్ళు, తింటే కమ్మన’ అని ఒక్కసారి అరిచాడు. ఇక అంతే, మళ్ళీ నోరు తెరవలేదు. ఆయన చుట్ట కాల్చుకుంటూ నడిచేవాడు, నేను ఆయన గొంతుతో అరిచేదాన్ని. మనుషులు తమ గొంతును ఇంకొకరికి అప్పగించి ఎంత హాయిగా బతగ్గలరో అప్పుడే చూశాను.

దాలయ్య ఉండేది ఉప్పుటేరు కాలనీలో. ఏదో కొద్ది సంపాదనతో బతికేవాళ్ళ కోసం గృహ మండలి కట్టించి, తక్కువ అద్దెకు ఇచ్చిన ఇళ్ళవి. రిక్షా తొక్కేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు, అందరూ ఆ బ్లాకుల్లోనే. ఆ ఊళ్ళో ఇంకెక్కడా ఆ అద్దెకు తలుపున్న గది దొరకదు. ఒకసారి ఖాళీ చేస్తే ఆ ఇల్లు వెంటనే వరుసలో ఉన్న వేరే కుటుంబానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ రమ్మన్నా రాదు. కొన్నేళ్ళకు దాలయ్య ఆటో కొని దానికి పెద్ద స్పీకరు బిగించుకున్నాడు. కాలనీ పనికి వాడుకోండని నన్ను తెచ్చి ఆఫీసులో ఇచ్చేశాడు.

ఆ ఆఫీసుకు అధికారి ప్రభాకర పట్నాయక్ గారు. మంచి మనిషి. ఎవరి చేతా టీ కూడా ఊరికే తాగడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, పొడుగు వాక్యాలు. మంచినీళ్ళు అడగాలన్నా ముందు ఎండాకాలం గురించి నాలుగు ముక్కలు చెప్పి గాని గ్లాసు దాకా రాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను, కాస్త దగ్గరికి జరగండి. జరగకపోయినా పర్వాలేదులెండి, వినబడుతుంది.

ఆ కాలనీలో ఏటా ఏప్రిల్ నుంచి అద్దె కొంచెం పెరుగుతుంది. అదేమీ కొత్త కాదు, ఏటా సణుక్కుంటారు, ఏటా కడతారు. కట్టడం కష్టమైనవాళ్ళకు రాయితీ కూడా ఏటా ఉంటుంది. కాని ఆ సంగతి మెట్ల దగ్గర గోడకు అంటించే నోటీసులో అడుగున సన్నటి అక్షరాల్లో ఉండేది. అన్నం మెతుకులతో అంటించే ఆ నోటీసును మేకలు ఎప్పుడూ కింది నుంచే తినేవి. ఆ ఏడు మరమ్మతుల వల్ల అద్దె మామూలుకంటే ఎక్కువే పెరిగింది. ఈసారి ఒక్క ఇంటికి కూడా కబురు అందకుండా పోకూడదని పట్నాయక్ గారు పట్టుబట్టి నన్ను బీరువా మీంచి దింపారు.

నాకు కలిగిన సంబరం ఏమని చెప్పను! ఉల్లిపాయల నుంచి ప్రభుత్వ ప్రకటన దాకా ఎదిగాను. ఆయన మొదట తప్పు బటన్ నొక్కితే ‘కోస్తే కన్నీళ్ళు’ అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. వాచ్‌మన్ సన్యాసి గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. తర్వాత ఆయన సరైన బటన్ నొక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

‘ఉప్పుటేరు కాలనీ వాసులకు ముఖ్య గమనిక. ఏటా జరిగే అద్దె సవరణలో భాగంగా ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి మన బ్లాకులన్నింటిలో అద్దె పెరుగుతున్నది. పెరిగిన అద్దె కట్టలేనివారు…’

కీచ్.

నిండిపోయాను. ఆ సన్నటి చప్పుడు ఫ్యాన్ హోరులో ఆయనకు వినబడలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఇంకా చాలాసేపు మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడో! ఎవరూ కంగారు పడొద్దన్నాడు, ఆఫీసుకు రమ్మన్నాడు, దరఖాస్తు తానే రాసిపెడతానన్నాడు. అదంతా గాలికే పోయింది.

మన తెలుగులో ఒక చిక్కుంది. వాక్యం ఎంత పొడుగైనా అసలు సంగతి చివర్లోనే ఉంటుంది. కట్టలేనివారు రావాలా, పోవాలా, ఆగాలా, ఆ చివరి మాట పడేదాకా తేలదు. ఆ మాట నాలో పడనేలేదు.

సన్యాసి నన్ను సైకిల్ హ్యాండిల్‌కు కట్టుకుని బ్లాకులన్నీ తిప్పడం మొదలుపెట్టాడు. ‘పెరిగిన అద్దె కట్టలేనివారు’ అని అరుస్తాను, అక్కడితో ఆగి మళ్ళీ మొదటికి వస్తాను. మొదట జనం నవ్వారు. తర్వాత చెవులు రిక్కించారు. ఆ తర్వాత ఎవరికి తోచిన ముగింపు వాళ్ళు పెట్టుకున్నారు. ఒకరు జరిమానా అన్నారు, ఒకరు కరెంటు తీసేస్తారన్నారు. చివరికి కుళాయి దగ్గర అందరూ ఒక మాట మీదికి వచ్చారు. కట్టలేనోళ్ళు మూట కట్టాల. అద్దె కట్టడానికీ మూట కట్టడానికీ ఒకే మాట ఉండటం ఎంత అన్యాయమో నాకు ఆరోజే తెలిసింది.

ఆఫీసుకు వెళ్ళి అడగొచ్చు కదా అంటారా? అడిగితే ఆ ‘కట్టలేనివారు’ మేమే అని మన నోటితో మనం ఒప్పుకున్నట్టు. ఎవరూ అడగలేదు. సన్యాసిని అడిగితే, బాబుగారు అంతే చెప్పారు, తాను బటన్ నొక్కేవాడినే అన్నాడు. అటు పట్నాయక్ గారు ఆఫీసు వరండాలో కుర్చీలు వేయించి, కుండలో చల్లటి నీళ్ళు పోయించి ఎదురుచూశాడు. ఒక్కరూ రాలేదు. మన కాలనీ బాగుపడింది, ఎవరికీ సాయం అక్కర్లేదని సన్యాసితో గర్వంగా అన్నాడు.

నేను రోజూ ఆగే గుమ్మం ఒకటి ఉంది. ఆ కింది వాటాలో ఉండే చిన్నమ్మడు వాకిట్లో ఇడ్లీలు అమ్మేది. సన్యాసి అక్కడే టిఫిన్ చేసేవాడు. ఆమె భర్త గురువులు గోడలకు రంగులు వేసేవాడు. ఆ ఏడే ఎత్తు మీంచి పడి కాలు విరిగింది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు, అంతే. మెట్లు లేని ఆ ఇల్లే అతనికి లోకం. అతను ఎండ చూడాలన్నా, నలుగురితో మాట్లాడాలన్నా ఆ గుమ్మమే దిక్కు.

సన్యాసి చట్నీ నంజుకుంటూ నన్ను ఆపడం మరిచిపోయేవాడు. నేను ఆ గుమ్మంలో అరుస్తూనే ఉండేదాన్ని, ఆ ఇల్లు నా కళ్ళముందే ఖాళీ అవుతూ ఉండేది. ఒకరోజు అటక మీది గిన్నెలు గోనెసంచిలోకి పోయాయి. మర్నాడు దేవుడి పటాలు చీరలో చుట్టేసి కనబడ్డాయి. చిన్నమ్మడు ఊరి చివర గట్టు మీద రేకుల పాక ఒకటి చూసిందట, దానికి ఎక్కడానికి రాళ్ళే తప్ప మెట్లు కూడా లేవట. గురువులు కర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. వాక్యం పూర్తి కాలేదమ్మా అని అరవాలని నాకు ఎంతగా ఉండేదో! కాని నాది కాని మాట నేను అరవలేను. నా జన్మ మీద నాకు కోపం వచ్చింది ఆ కొద్ది రోజులే.

దరఖాస్తులకు ఆఖరి రోజు మధ్యాహ్నం చిన్నమ్మడు ఆఫీసుకు వచ్చింది. నేను బల్ల మీదే ఉన్నాను. ఆమె చేతిలో తాళంచెవి ఉంది.

‘ఇదిగోండి బాబూ, తాళం. ఎల్లిపోతన్నాం.’

పట్నాయక్ గారు కళ్ళజోడు తీశాడు. ఎందుకు వెళ్ళిపోతున్నారని అడిగాడు.

‘కట్టలేనోళ్ళు ఎల్లిపోవాల గదా. మీరే సెప్పినారు.’

‘నేనా? నేనెప్పుడు చెప్పానమ్మా?’

‘రోజూ సెప్తన్నారు. మా గుమ్మంలోనే సెప్తన్నారు.’

ఆయనకు కాస్త కోపం వచ్చింది. రుజువు చూపిస్తానన్నట్టు నన్ను అందుకుని బటన్ నొక్కాడు. నేను ఉన్నది ఉన్నట్టు అరిచాను. ‘పెరిగిన అద్దె కట్టలేనివారు…’ అని ఆగి, ‘ఉప్పుటేరు కాలనీ వాసులకు’ అని మళ్ళీ ఎత్తుకున్నాను. ఆయన రెండోసారి విన్నాడు. మూడోసారీ విన్నాడు. కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అప్పుడు ఆయనకు అర్థమైంది. నన్ను ఆపి బల్ల మీద పెట్టాడు.

‘వాక్యం పూర్తి కాలేదమ్మా,’ అన్నాడు మెల్లగా.

‘మరి పూర్తి సెయ్యండి బాబూ.’

ఆయన జీవితంలో మొదటిసారి ఒక ప్రకటనను చిన్న వాక్యంలో చెప్పాడు. ‘కట్టలేనివారు మా దగ్గరికి రండి.’

ఆ తర్వాత వివరాలు చెప్పాడు. సంపాదించే మనిషి మంచాన పడితే పెరిగిన అద్దె మొత్తం మాఫీ చేస్తారు. ముసలివాళ్ళకూ, ఒంటరి ఆడవాళ్ళకూ సగం తగ్గిస్తారు. మిగతావాళ్ళు ఇబ్బందిగా ఉంటే కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు. అద్దె పెరిగిందని ఎవరినీ ఖాళీ చేయించరు. చిన్నమ్మడు నిలబడినచోటే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. అంతలోనే చటుక్కున తలెత్తి, ఇది ఎప్పటిదాకా అని అడిగింది. ఈ సాయంత్రం దాకానే అన్నాడాయన.

ఇక చూడండి! పట్నాయక్ గారు కంగారుగా నన్ను తీసుకుని, ‘ఇంతకుముందు వెలువడిన ప్రకటనకు కొనసాగింపుగా’ అని మొదలుపెట్టబోయాడు. చిన్నమ్మడు ఆగలేదు. నన్ను ఆయన చేతిలోంచి లాక్కుంది. వేలికి తాళంచెవి వేలాడుతూనే ఉంది. వరండాలోకి పరిగెత్తి, మూతి దగ్గర పెట్టుకుని అరిచింది. ఆ తొందరలో ఆమె వేలు దాచుకునే బటన్ మీద పడింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకే తెలుసు.

‘ఎల్లిపోకండి! అమ్మా, అక్కా, ఎవురూ ఎల్లిపోకండి. అద్దె కట్టలేనోళ్ళకి తగ్గిస్తారంట. ఈయేలే ఆకరు. ఆఫీసుకి రండి!’

కీచ్.

సరిగ్గా సరిపోయింది! మొత్తం పడింది, చివరి మాటతో సహా పడింది. నేను పుట్టింది ఇందుకే అనిపించింది.

సన్యాసి నన్ను సైకిల్‌కు కట్టుకుని తొక్కిన తొక్కుడు అంతా ఇంతా కాదు. నేను కింద అరుస్తుంటే చిన్నమ్మడు మేడమెట్లు ఎక్కి, దిగి, తలుపులు బాదుతూ తన గొంతుతో అరిచింది. కిటికీలు తెరుచుకున్నాయి. తడిచేతులు చీరకు తుడుచుకుంటూ ఆడవాళ్ళు దిగారు. కట్టిన మూటలు కట్టినట్టే వదిలేసి ముసలాయనలు బయలుదేరారు. దాలయ్య కూడా ఆటో ఆపి దిగాడు. ఆటో బాకీతో తానూ కట్టలేనివాడే. తన మైకే తనను పిలిచిందని సన్యాసితో సిగ్గుగా అన్నాడు. వరండాలో కుర్చీలు చాలక అరుగు మీద, మెట్ల మీద కూర్చున్నారు. పట్నాయక్ గారు చొక్కా చేతులు మడిచి వచ్చినవాళ్ళందరి దరఖాస్తులూ తానే రాశాడు. ఎక్కడా పొడుగు వాక్యం వాడలేదు.

చిన్నమ్మడి గుమ్మం ముందుకు వచ్చేసరికి సన్యాసి బ్రేకు వేశాడు. లోపల గురువులు చుట్టిన పరుపుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను అరుస్తున్న గొంతు ఎవరిదో అతనికి మొదటి మాటకే తెలిసినట్టుంది. కర్ర మీద లేచి గుమ్మంలోకి వచ్చాడు.

‘ఇంకొక్కసారి ఇనిపించు, సన్యాసీ.’

ఇంకొక్కసారి అరిచాను. నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. గురువులు లోపలికి వెళ్ళి, కుంటుకుంటూనే పరుపు తాడు విప్పాడు. చీర మూట విప్పి దేవుడి పటాలు గూట్లో పెట్టాడు. పొద్దువాలే వేళకు గొంతు బొంగురుపోయి చిన్నమ్మడు తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి.

‘తాళం ఇచ్చీసినావా?’ అని అడిగాడు.

ఆమె తన చెయ్యి తాను చూసుకుంది. ‘లేదు. సేతిలోనే ఉండిపోనాది.’

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నా ఎర్ర మూతికి పగులు వచ్చింది, పట్టీ తెగితే గోనెతాడు కట్టారు. అద్దె పెరిగిన కబురు ఇప్పుడు అందరికీ ఫోన్లోనే వస్తుంది. గురువులు మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు గాని రంగుల కొట్లో కూర్చుంటున్నాడు, ఇప్పుడు వాళ్ళు పూర్తి అద్దె కడుతున్నారు. పట్నాయక్ గారు బదిలీ అయి వెళ్ళేటప్పుడు కొత్త అధికారికి నన్ను అప్పగించి, ఇందులోది మాత్రం చెరపొద్దని ఒక్క ముక్క చెప్పాడు. అందుకే ఏటా మార్చిలో, దరఖాస్తులకు ఆఖరి రోజున, నన్ను బీరువా మీంచి దింపి దుమ్ము దులిపి సైకిల్‌కు కడతారు.

అదిగో, సన్యాసి వస్తున్నాడు. ఈ ఏడు అద్దె ఎంత పెరిగిందో నాకు తెలియదు. నాలో ఉన్నది ఒక్క మాటే, దాని చివర ‘రండి’ అని ఉంది.