మిగిలిన గుడ్డ

బిల్డర్ మనిషి కొట్టులోకి వచ్చి, చంకలోంచి ఓ గుడ్డ తీసి కటింగ్ బల్ల మీద పరిచాడు. టైలరమ్మ చూడగానే గుర్తుపట్టింది. ఏటి ఒడ్డు పచ్చిక చుట్టూ వేసిన కంచెకి తను కట్టొచ్చిన బ్యానరే అది.

అక్కడ మేడలు లేపుతారట. పిల్లలు పరిగెత్తడానికీ, ముసలివాళ్ళు కాళ్ళు చాపుకోవడానికీ ఊళ్ళో మిగిలింది ఆ ఒక్క జాగా. ప్రెస్సువాళ్ళు బ్యానరు వెయ్యం పొమ్మన్నారు. పెయింటరు తన చేతిరాత పట్టేస్తారని జడిశాడు. కుట్టుకి చేతిరాతెక్కడిదని ఈవిడ పాత ముక్కలు కత్తిరించి అక్షరాలు కుట్టింది: 'ఏటి ఒడ్డు అమ్మకానికి లేదు.'

"కుట్టు బాగుందక్కా. ఎవరిదంటావ్?"

"నాకేం తెలుసు బాబూ? ఊళ్ళో మిషను నా ఒక్కదానికే ఉందా?"

"మరి ఇదో?" 'లేదు' మీద వేలు పెట్టాడు. నీలం గళ్ళు. తన చొక్కా కాలరు లాగి చూపించాడు. అవే గళ్ళు. "ఈ చొక్కా కుట్టిచ్చిన రోజు గుడ్డేమన్నా మిగిలిందా అని అడిగితే, 'ఎక్కడ బాబూ, జేబుకే చాల్లేదు' అన్నావ్."

ఏ టైలరైనా చెప్పే అబద్ధమే. కానీ ఇప్పుడది మెడకి చుట్టుకుంది. లోపల గుండీలు కుడుతున్న అత్త చెయ్యి ఆగిపోయింది.

"రేపు మునిసిపల్ హాల్లో ఆ మేడల గురించి మీటింగు. నిన్నడిగితే అభ్యంతరం లేదను, చాలు. ఈ కొట్టు మా అయ్యగారి బావమరిదిదని గుర్తుందిగా? మిషను నడివీధిలో వేసుకుని కుడతావా?" నవ్వుతూనే అన్నాడు. బ్యానరు మడిచి పట్టుకుపోయాడు.

"ఏమే, ఆ గళ్ళ ముక్కే దొరికిందా నీకు?" అంది అత్త.

"గట్టి గుడ్డత్తా. వానకి రంగు వెలవదని..."

"అది వెలవలేదులే. నీ మొహమే వెలిసింది."

ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు హాల్లో కుర్చీలన్నీ నిండాయి. నోళ్ళు మాత్రం ఎవరూ తెచ్చుకోలేదు. మొన్నటిదాకా గొంతు చించుకున్న పాలవాడు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. వాడి సైకిలు నిన్న ఏట్లో దొరికింది. ముందు వరసలో గళ్ళ చొక్కా కూర్చుని ఉంది.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరం ఉందామ్మా?"

లేచింది. లేదు బాబూ, మిగల్లేదు బాబూ అని ఇన్నేళ్ళూ ఎంత తేలిగ్గా అనేసింది! ఇవాళ ఆ మాటకి నాలుక తిరగలేదు.

"ఉంది," అంది.

గళ్ళ చొక్కా మెల్లిగా వెనక్కి తిరిగింది. ఆమె వెనకాల ఓ కుర్చీ కిర్రుమంది. ఎవరో లేచారు. తనతో నిలబడటానికో, బయటికి జారుకోవడానికో. తిరిగి చూసే ధైర్యం ఆమెకి మిగల్లేదు.