నాలుగింటిలో మంచి జవాబు

ముసలాయన తన పాత పడవను ఎందుకు అమ్మాడు అన్నది ప్రశ్న. పాసేజీలో నాలుగో వరసలోనే ఉంది: షెడ్డులో చోటు లేదు, కొత్త ట్రాక్టరు పెట్టుకోవాలి. నేను పెట్టిన జవాబు మూడోది. వస్తువుల మీద మమకారం వదులుకోవడం నేర్చుకున్నాడు కాబట్టి అమ్మాడని.

"ఎక్కడుంది ఆ మాట? వేలు పెట్టి చూపించు," అంది మిస్బా.

మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. వేలు పెట్టడానికి చోటు దొరకలేదు.

"మాట లేదు గాని, ఆ అర్థం వస్తుంది."

"ఎవరికొస్తుంది? ఆయనకా, నీకా? ఆయన ట్రాక్టరు కొన్నాడే తల్లీ. ట్రాక్టరు కొన్నోడికి మమకారం పోయిందంటావేంది?"

కింద షాపులో వాళ్ళ నాన్న దావూద్ మామ, మిరపతోటలకు మందు కొట్టే స్ప్రేయరు ఒకటి బాగుచేసి స్టార్టు చేసి చూస్తున్నాడు. ఆ మోత ఆగేదాకా మేము మాట్లాడుకోలేం. గురజాలలో ఆ మేడమీది గదిలో మా చదువంతా అలాగే సాగేది. మోత ఉన్నంతసేపు చదవడం, ఆగినప్పుడు తిట్టుకోవడం. ఆ రోజు మోత ఆగకుండా ఉంటే బాగుండుననిపించింది. ఇరవై ప్రశ్నల్లో నావి పదకొండు తప్పు.

సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్సుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. నాకు హైదరాబాదులో బీఏ సైకాలజీ కావాలి. మిగతా పేపర్లు బాగానే చేస్తున్నాను. ఇంగ్లీషు పేపర్లో ఈ పాసేజీలే నన్ను కిందికి లాగుతున్నాయి. సరైనదానికి ఐదు, తప్పుకు మైనస్ ఒకటి. నాన్న మాట ఇచ్చాడు: "ఒక్కసారి రాయి. వస్తే పంపిస్తా. రాకపోతే ఇక్కడే డిగ్రీలో చేరు, మళ్ళీ ఆ ఊసెత్తొద్దు." నాన్న మాటంటే మాటే. ఇచ్చిందైనా, తీసుకున్నదైనా.

నాకు ఇంగ్లీషు రాక తప్పులు పోతున్నాయంటే కొంత ఊరటగా ఉండేది. వస్తుంది. మిస్బా కంటే నాకే బాగా వస్తుంది. ఆమె ప్రతి పాసేజీలో నాలుగైదు మాటలకు నన్ను అర్థం అడుగుతుంది, అడిగి పద్దెనిమిది తెచ్చుకుంటుంది. నేను అర్థాలన్నీ చెప్పి తొమ్మిది తెచ్చుకుంటాను. ఇది ఎట్లాంటి మంటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. తాళంచెవి నా చేతిలో ఉంది. దాంతో తలుపు తీసి లోపలికి పోతున్నది మిస్బా.

ఆ రోజు ఆమె నా పాత మాక్ టెస్టులన్నీ ముందేసుకుని, తప్పులు మాత్రం ఎర్రపెన్నుతో చుడుతూ కూర్చుంది. తరువాత కాగితాలు నా వైపు తిప్పింది.

"చూడు. ఈ టీచరు ఊరు వదిలి ఎందుకు పోయాడు? జీతం చాలక. నువ్వేం పెట్టావు? ఇంకా ఎక్కువమంది పిల్లలకు సేవ చెయ్యడానికి. ఈమె చెల్లెలికి ఉత్తరం ఎందుకు రాయలేదు? అడ్రసు పోయింది. నువ్వేం పెట్టావు? క్షమించే ధైర్యం రాక. చిన్నారీ, వాడు అడిగింది పాసేజీలో ఏముందని. నువ్వు మంచిదానివా కాదా అని కాదే."

నేను నవ్వాను. నవ్వుతూనే లెక్కపెట్టాను. ఆ రోజు తప్పిన పదకొండులో తొమ్మిదింట్లో, నాలుగు జవాబుల్లో అందరికంటే మంచి మనిషి పెట్టే జవాబు ఏదో, అదే పెట్టాను.

ఆ మాటతో ఇంటికి నడిచాను. ఈ చదువు ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు.

మా ఇంట్లో రోజూ పొద్దుగూకాక, అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. నాన్న సుధీర్ బాబు మా చర్చిలో సంఘ పెద్ద. బైబిల్లోని వాక్యభాగం వరస తప్పకుండా చదవాలి, ఆ రోజు ఏది వస్తే అది. చదివాక నాన్న ఒక్కొక్కరినీ అడుగుతాడు, "ఈ వాక్యం నీకేం చెప్పింది?" అమ్మ ఏ భాగానికైనా ఒకటే చెబుతుంది, ఓపిక పట్టమని చెప్పిందని. నెహెమ్యా తాత "అదే, అదే" అంటాడు. తరువాత నా వంతు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఏదో యుద్ధం గురించిన భాగం వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాన్న అడిగాడు. భయమేసి ఆయన ముఖంలోకి చూశాను. పొద్దున పొలం గట్టు దగ్గర బాబాయితో గొడవపడి వచ్చాడు, ఆ కోపం ఇంకా దవడల్లో ఉంది. "కోపం ఉంచుకోవద్దని చెప్పింది నాన్నా," అన్నాను. నాన్న కళ్ళు నిండాయి. ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ నన్ను నిలబెట్టి ఆ మాట మళ్ళీ చెప్పించాడు. అప్పటి నుంచి నన్ను వాక్యం అర్థమయ్యే పిల్ల అంటారు.

వాక్యం నాకు ఆనాడూ అర్థం కాలేదు, ఆ తరువాతా కాలేదు. అర్థమైంది నాన్న ముఖం. పదేళ్ళుగా నేను చదువుతున్నది ఆ ముఖమే. ఎదురుగా ముఖం లేకపోతే ఒకటి కల్పించుకుంటున్నాను. ఢిల్లీలో ఎక్కడో కూర్చుని ప్రశ్నలు రాసినవాడికి కూడా నాన్న కళ్ళే పెట్టి, అవి తడవాలని జవాబులు ఏరుతున్నాను.

ఇంత తెలిశాక బాగుపడాలి గదా. మనసు గురించి నేను చదివిన నాలుగు పుస్తకాలూ అదే చెప్పాయి, కారణం తెలిస్తే కట్టు వదులుతుందని. వదల్లేదు. మర్నాడు తొమ్మిది, ఆ మర్నాడు పది. ఒళ్ళు మండి, మంచి జవాబు కనిపిస్తే చాలు దాన్ని కొట్టేసి చెడ్డది పెట్టడం మొదలుపెట్టాను. మనుషులంతా డబ్బు కోసమో, భయంతోనో, కుళ్ళుతోనో చేశారని. మూడు రోజులు అట్లా చేశాను. మార్కులు ఏడుకు దిగాయి.

మిస్బా కాగితం చూసి నుదురు కొట్టుకుంది. "మొన్నటిదాకా పుణ్యాత్మురాలివి, ఇప్పుడు రౌడీవి. చదివేదెప్పుడే?"

"చదువుతూనే ఉన్నా."

"చదవట్లా. మొన్న ఎవర్నో మెప్పించావు, ఇవాళ వాళ్ళనే ఏడిపిస్తున్నావు. ఎవరే వాళ్ళు?"

చెప్పలేదు. చెబితే నాన్నను ఆమె ముందు దోషిగా నిలబెట్టినట్టవుతుంది. నా లెక్కలో ఆయన దోషి కాడు. అంటే ఆయన మీద కోపం లేదని కాదు. అక్కడా ఇక్కడా కాకుండా మధ్యలో ఇరుక్కోవడమే నాకు చిరాకు.

చివరికి మిస్బాయే దారి చెప్పింది. జవాబులు నాలుగూ అరచేత్తో మూసి పెట్టాలి. ముందు ప్రశ్న చదవాలి. పాసేజీలో జవాబున్న వరస మీద వేలు పెట్టాలి. ఆ వరసను నా తెలుగులో, సంతలో ధర చెప్పినట్టు, పైకి చెప్పాలి. అప్పుడు చెయ్యి తియ్యాలి. "చోటు లేదు. అమ్మాడు." "జీతం చాల్లేదు. పోయాడు." ఇట్లా చెప్పడం కష్టంగా ఉండేది. ఏదో తప్పు చేస్తున్నట్టు, పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడుతున్నట్టు ఉండేది. కాని పన్నెండు వచ్చాయి, తరువాత పధ్నాలుగు. ఇంటికెళ్ళి ప్రార్థనలో కూర్చుని మళ్ళీ నాన్నకు కావలసింది చెప్పి వచ్చిన మర్నాడు పదకొండు. నేను ఈ అంకెల మధ్య తిరుగుతుండగానే రోజులు అయిపోయాయి.

పరీక్షకు ముందురోజు సాయంత్రం వరసలో వచ్చిన భాగం వంశావళి. ఉత్త పేర్లు. నోరు తిరగని పేర్లు, ఎవరి కొడుకు ఎవరో. నేనే చదివాను. వాకిట్లో చాప మీద నలుగురం. గోంగూర పప్పు, అన్నం గిన్నెలు మూతలతో పక్కన ఉన్నాయి.

"ఓపిక పట్టమని చెప్పింది," అంది అమ్మ.

తాత "అదే, అదే" అన్నాడు.

నాన్న నా వైపు తిరిగాడు. "చిన్నారీ, నీకేం చెప్పింది?"

"ఏం చెప్పలేదు నాన్నా."

"ఏంది?"

"ఇరవై తొమ్మిది పేర్లున్నాయి. ఎవరికి ఎవరు కొడుకో ఉంది. అంతే ఉంది."

"ఉన్నదేందో నాకు తెలుసమ్మా. నీకేం చెప్పిందని అడుగుతున్నా."

"రేపు పరీక్ష గదా, అలిసిపోయింది లెండి," అంది అమ్మ.

"అలిసిపోయినోళ్ళతోనే వాక్యం మాట్లాడేది. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. రెండోసారికే జవాబు తయారై నాలుక మీద కూర్చుంది: దేవుడు ఒక్కరి పేరు కూడా మర్చిపోడు. ఇంకేం కావాలి? పరీక్ష ముందురోజు కూతురి నోట ఆ మాట వింటే నాన్న కళ్ళు తప్పకుండా నిండుతాయి. అందరం అన్నం తింటాం. పొద్దున నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి తీసుకెళ్తాడు. ఒక్క వాక్యం. అబద్ధమని కూడా అనలేం. కాని అది ఆ కాగితం మీద లేదు. వేలు పెట్టడానికి చోటు లేదు. ఇవాళ ఈ మాట అంటే రేపు కంప్యూటరు ముందు కూడా ఇదే అంటానని నాకు ఖాయంగా తెలుసు.

"పేర్లున్నాయి నాన్నా. అంతే."

నాన్న చాప అంచు వైపు చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు, "రేపు పరీక్షకు నరసరావుపేట నేను తోడు రావాలా, వద్దా?"

బెదిరించడం కూడా అడిగినట్టే ఉంటుంది. ఆయన గొంతు పెంచడు. అమ్మ నా మోకాలి మీద గిల్లింది. ఏడుపు వస్తే కూడా దాన్ని జవాబుగానే తీసుకుంటాడని భయపడి ఆపుకున్నాను.

"ఒరేయ్ సుధీరూ," అన్నాడు తాత. నిద్రపోతున్నాడనుకున్నాం. "అందులో నా పేరుందా?"

"లేదు తాతా," అన్నాను నేను.

"ఇరవై తొమ్మిది మందిలో లేనా?"

"లేవు."

"అయితే నాకూ ఏం చెప్పలా. అన్నం పెట్టమ్మాయ్."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నాన్న నవ్వలేదు. తన వంతు ఇంకా అయిపోలేదని గుర్తుచేస్తున్నట్టు గొంతు సవరించుకుని, "నాకేం చెప్పిందంటే, దేవుడు ఒక్కరి పేరు కూడా మర్చిపోడు," అన్నాడు.

నా నాలుక మీదున్న మాటే. అక్షరం తేడా లేదు. అంటూ ఆయన తాత ముఖంలోకి చూశాడు. ఎట్లా చూశాడంటే, ఆ చూపు నాకు లోపలి నుంచి తెలుసు. తాత అన్నం గిన్నె వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో ఆకలి తప్ప ఇంకేం లేదు. నాన్న ఒక్క క్షణం ఆగి, ఏమీ దొరక్క, కళ్ళు దించుకున్నాడు.

నాకు అప్పుడు జాలి కలిగి ఉండాలి. నాలుగు జవాబుల్లో మంచిది అదే. కాని నాకు కలిగింది కోపం. పదేళ్ళుగా కష్టపడి చదివిన ముఖం, తనే ఇంకో ముఖం చూసి రాసుకున్న జవాబు.

పొద్దున నాన్న చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల మీద చెయ్యి పెట్టలేదు. "బస్సుకు టైమైంది," అన్నాడు. తోడుగా వచ్చాడు.

పరీక్ష గదిలో మొదటి పాసేజీ ఏదో కొండ రైలు గురించి. తెర మీద జవాబులకు అరచెయ్యి అడ్డం పెట్టి, పెదవులు కదుపుతూ తెలుగులో చెప్పుకున్నాను. "వాన పడింది. రైలు ఆగింది." చెయ్యి తీసి నొక్కాను. అది సరైనదని నాకు తెలుసు, గోడ గోడ అని తెలిసినట్టు తెలుసు. నొక్కి, ఆగాను. దేనికోసం ఆగానో ఒక నిమిషం తెలియలేదు. ఎవరూ ఏమీ అనలేదు. తరువాతి ప్రశ్న నొక్కితే తరువాతి ప్రశ్న వచ్చింది. పక్క వరసలో ఇన్విజిలేటరు ఆవలించింది. సరిగ్గా చదివితే ఇంతే జరుగుతుందా అని ఉక్రోషం వచ్చింది. ఉక్రోషంతోనే మిగతావీ చేశాను. మూడో పాసేజీలో ఒక విధవరాలు పక్కింటివాళ్ళకు రొట్టె పంచుతుంది. అక్కడ చెయ్యి మంచి జవాబు మీదికి జారింది, జారుతుంటే తెలిసి కూడా జారింది.

పాసేజీల ప్రశ్నల్లో పదహారు సరైనవని జవాబుల కీ వచ్చాక తెలిసింది. సీటుకు అవి చాలాయి. ఆ మధ్యాహ్నం మాత్రం ఏమీ తెలియదు. గేటు బయట మే నెల ఎండలో నాన్న చేతిరుమాలు తలకు చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్లా రాశావు?"

నాలుగు జవాబులు వెంటనే వరసగా వచ్చి నిలబడ్డాయి. దేవుని దయవల్ల బాగా రాశాను. మీ ప్రార్థన వల్ల. నిన్న తప్పు చేశాను నాన్నా. నాలుగోది చప్పగా ఉంది.

"కొన్ని తెలిశాయి, కొన్ని తెలియలేదు."

"అంతేనా?"

"అంతే."

బస్సులో రెండు సీట్లు కలిసి ఖాళీగా ఉన్నా, నాన్న వెళ్ళి ముందు వరసలో ఒక్కడే కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. కళ్ళు మూసుకుంటే హాయిగా నిద్రపట్టేది. ఆయన మెడ వెనక చెమట, నెరిసిన వెంట్రుకలు, అరిగిన కాలరు కనిపిస్తున్నాయి. కోపంగా ఉన్నాడా, నొచ్చుకున్నాడా, ఊరికే అలిసిపోయాడా? మెడను చూసి ఎవరూ చెప్పలేరు. అది నాకు బాగా తెలుసు. తెలిసి, నన్ను నేను తిట్టుకుంటూ, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటేదాకా ఆ మెడనే చూస్తూ కూర్చున్నాను.