నాలుగో ముక్క

పుస్తకాన్ని బ్లేడుతో కోయడం పాపమనుకునేవాళ్ళు కరీంనగర్ డిగ్రీ కాలేజీలో ఆ నలుగురి జోలికి పోకపోవడమే మంచిది. కొత్త నవల చేతికి వచ్చిన రోజే వాళ్ళు దాన్ని నాలుగు ముక్కలు చేసేవాళ్ళు. బతికున్నవాళ్ళు రాసిన నవలలే చదవాలని షరతు పెట్టుకున్నారు. కాలేజీ లైబ్రరీకేమో బతికున్నవాళ్ళ మీద నమ్మకం తక్కువ. నానా తంటాలు పడి తెప్పించుకుంటే ఒక్క కాపీ వచ్చేది, ఒకరు ముగించేదాకా మిగతా ముగ్గురూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేరు కదా.

కోసేదీ కుట్టేదీ నర్మద. సిరిసిల్ల పిల్ల. వాళ్ళ బాపు సాంచెల మీద బట్ట నేస్తాడు కాబట్టి ఆమె సంచిలో దారపు కండె, దబ్బనం ఎప్పుడూ ఉంటాయి. ఒక ముక్క చదివినవాళ్ళు శుక్రవారం దాన్ని పక్కవాళ్ళకిచ్చి తరువాతి ముక్క అందుకోవాలి. నర్మద వంతు ఎప్పుడూ చివరిది. నాలుగూ చదివాక ఆమె సైకిల్ స్టాండ్ వెనక అరుగు మీద కూర్చుని, ముక్కలన్నీ కలిపి మళ్ళీ పుస్తకంగా కుట్టేది. ఆ కుట్టు పూర్తయ్యేదాకా ముగింపు గురించి ఎవరూ నోరు విప్పకూడదు. పూర్తయ్యాక మాత్రం చీకటి పడేదాకా ఒకటే గొడవ.

ఈసారి మొదటి వంతు ఎలీసబెతుది. నవల ఒక బస్సు కండక్టరమ్మ కథ. ఆమె ఉద్యోగం వదిలేస్తుందా లేదా అన్నది నాలుగో ముక్కలో తేలుతుంది. ఆ ముక్కను ఎలీసబెతు అందరికంటే ముందు చదివేసింది. దాన్ని వచ్చే శుక్రవారం ప్రణయ్‌కి ఇవ్వాలి. అతని తరువాత భవ్యశ్రీ, ఆమె తరువాత నర్మద.

ఇవ్వలేదు.

ఎందుకో చెప్పాలంటే ఆమె శుక్రవారాల గురించి చెప్పాలి. హాస్టల్లో తోటి పిల్లలంతా సుల్తానాబాద్, జగిత్యాల చుట్టుపక్కల వాళ్ళు. శుక్రవారం సాయంత్రం సంచులు సర్దుకుని బిలబిలా ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఎలీసబెతుది ఆదిలాబాద్ దిక్కున ఇచ్చోడ, పండుగకో సెలవులకో తప్ప పోలేనంత దూరం. ఆ సాయంత్రం నుంచి సోమవారం దాకా గదిలో నాలుగు మంచాలు, ఒక మనిషి. ఆదివారం చర్చికి వెళ్ళి వెనక వరసలో కూర్చుని వస్తుంది. క్లాసులో నోరు విప్పితే యాసకు నవ్వుతారని అక్కడా మాట్లాడదు. వారమంతా దాచుకున్న మాటలు ఆ అరుగు మీదే ఖర్చు పెట్టేది. కానీ అరుగు దిగగానే ఎవరి క్లాసు వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది. తన గది ఎక్కడుందో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

కిందటి నవలప్పుడు భవ్యశ్రీ కాళ్ళవాపుతో వేములవాడలో ఇంట్లో ఉండిపోయింది. ఆమె దగ్గరున్న ముక్క కోసం ప్రణయ్, నర్మద బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళారు. వాళ్ళమ్మ సర్వపిండి చేసి పెట్టిందట. ఆ సర్వపిండి ముచ్చట నెల రోజులు నడిచింది. ఎలీసబెతు నవ్వుతూనే వింది గానీ లోపల కడుపు మండింది. ముక్క తన దగ్గర ఆగితే తన కోసం కూడా వస్తారు, అంతే కదా అనుకుంది.

జ్వరమని గ్రూపులో మెసేజ్ పెట్టింది. వెంటనే మూడు దండాల బొమ్మలు వచ్చాయి. గది ఊడ్చింది. వార్డెన్ గదిలోంచి రెండు కుర్చీలు అడిగి తెచ్చుకుంది. బిస్కెట్ ప్యాకెట్లు కొని అలమరలో పెట్టింది. గేటు చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి పోయింది. ఎవరూ రాలేదు. మర్నాటి నుంచి అబద్ధం బయటపడకుండా వెనక గేటు నుంచి క్లాసుకు పోయిరావడం మొదలుపెట్టింది. తరువాతి శుక్రవారం ఇంకా నీరసమని రాసింది. ఆపై శుక్రవారం ఏమీ రాయలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ రాత్రి బిస్కెట్లు తానే తినేసింది. తింటుంటే ఏడుపొచ్చింది, బిస్కెట్ల కోసం కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పై వారం ముక్క పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్ళింది. ప్రణయ్, భవ్యశ్రీ ఫోన్లలో తలలు పెట్టుకుని ఉన్నారు. ఆమెను చూసి జ్వరం తగ్గిందా అని మంచిగానే పలకరించారు. నాలుగో ముక్క చాపితే ప్రణయ్ నవ్వేశాడు. ఆ నవల ఫోన్లో దొరికిందట, ఎప్పుడో అయిపోయిందట, ఇకమీద అన్నీ అలాగే చదువుకుందామనుకున్నారట. వాళ్ళకు ఆమె మీద కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఎలీసబెతుకు అనిపించింది.

నర్మద ఏదని అడిగితే ఈమధ్య రావడం లేదన్నారు.

నర్మద రీడింగ్ హాలు మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, సంచిలో మూడు ముక్కలు.

"జ్వరం తగ్గిందా?"

అబద్ధానికి ఇంకో మెట్టు కట్టడం ఎలీసబెతు వల్ల కాలేదు. "జ్వరం రాలే," అంది. "బుక్కు నా తాన ఉంటే మీరెవరన్న వస్తరనుకున్న."

 నర్మద నెమ్మదిగా చెప్పింది.

"నేనొద్దామనే అనుకున్న. జ్వరంలున్నదాని దగ్గరికి బుక్కు కోసం పోతే ఏం బాగుంటదని ఆగిన. వాళ్లు ఫోన్ల సదువుమన్నరు, సదువలే. ఆఖరు గురించి మాట్లాడుతుంటే ఇనొద్దని అటు పోవుడే బంద్ వెట్టిన. నిన్న బస్సుల భవ్యశ్రీ ఆఖరు చెప్పేసింది. వద్దన్న, ఆగలే."

ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే సరిపోయేది. ఎదురుచూసిన మనిషి ఒకరు ఉన్నారు, ఆ మనిషికే తాను అన్యాయం చేసింది.  తప్పైందని ఎలీసబెతు అంది. నర్మద తల ఊపింది గానీ పర్వాలేదని అనలేదు.

సంచిలోంచి ముక్కలు తీసి, నాలుగోది కింద పెట్టి, అంచులు సరిచేసి, దబ్బనం దారం ఆమె చేతికిచ్చింది.

"నువ్వే కుట్టు. వాళ్లకు ఇగ కోసేది లేదు, కుట్టేది లేదు. ఇదే ఆఖరుది."

ఎలీసబెతు ఎన్నడూ కుట్టలేదు. దబ్బనం ఎక్కడ గుచ్చాలో, దారం ఎంత లాగాలో నర్మద వేలితో చూపిస్తూ పక్కనే కూర్చుంది. సిరిసిల్ల బస్సు టైం దగ్గర పడుతోంది. కుట్టు అయిపోతే ఆమె లేచి వెళ్ళిపోతుంది. అది తెలిసి ఎలీసబెతు చేయి దానంతటదే నెమ్మదించింది. ఒక రంధ్రం పక్కనే ఇంకో రంధ్రం, అక్కర్లేని చోట ఇంకో కుట్టు. నర్మద అది గమనించింది. గమనించి కూడా గడియారం వైపు చూడలేదు.

దారం ఇంకా జానెడు మిగిలింది. ఇంకో రెండు కుట్లు వేసినా నర్మద కూర్చునే ఉండేది, బస్సు తప్పినా కూర్చునే ఉండేది. ఎలీసబెతు ఆ జానెడు దారం వైపు కాసేపు చూసి, ముడి వేసి, మిగిలింది పంటితో కొరికేసింది. పుస్తకం నర్మద సంచిలో తానే పెట్టింది.

"నడువు, బస్సు పోతది," అంది.